తిరిగి రాని మెయిలు

హోసూరు,
3-10-2004, ఆదివారం.

గౌరవనీయులైన అనంతకుమార్ సార్ గారికి,

త్రివేణి నమస్కారం చేసి రాసుకుంటున్నది. మీరు, మీ ఇంటావిడ, మీ పాప అందరూ సుఖంగా ఉన్నారని తలుస్తున్నాను. పెద్దవాళ్ళకు రాసే ఉత్తరం ఇట్లాగే మొదలుపెట్టాలని మా తెలుగు బడిలో నేర్పించారు. కోపం వచ్చిన మనిషికి ఎట్లా మొదలుపెట్టాలో కూడా నేర్పించేవారేమో. నేను ఎనిమిదిలోనే మానేశాను, ఆ పాఠం దాకా పోలేదు.

నేనెవరో మీకు వెంటనే తట్టకపోవచ్చు. గులాబీ తోటలో మీరు ఉన్నప్పుడు ఆరో షెడ్డులో మొగ్గలు కోసేదాన్ని. కాడ పొట్టిగా కోశానని ఒకసారి మీరు తిట్టారు. నేను ఎదురు మాట్లాడాను. "ఈ పాప నోటికి కూడా ఒక మందు కొట్టల్లప్పా" అని మీరంటే షెడ్డంతా నవ్వింది. మీ దగ్గర పురుగుమందు కొట్టే ధనశేఖర్ చెల్లెల్ని. ఇప్పుడు తట్టి ఉంటుంది.

డొంకతిరుగుడు నాకు రాదు. నాకు కావలసింది ఒక్కటే. ఫిబ్రవరిలో నాలుగో షెడ్డులో కొట్టించిన మందు పేరు. ఎర్ర రిబ్బను కట్టిన డబ్బాలోది. బయటి దేశం నుంచి తనిఖీవాళ్ళు వస్తారని ఆఫీసువాళ్ళు డబ్బాల మీది కాయితాలు మీ చేత పీకించారు. ఏది ఏదో తెలియడానికి మీరు రిబ్బన్లు కట్టారు. పీకేముందు పేరు చదివే ఉంటారు. అది రాసి పంపండి. ఈ ముక్కతో ఉత్తరం ఆపేయొచ్చు. కానీ ఇదే ముక్క మెయిల్లో అడిగి అడిగి వేళ్ళు అరిగాయి, బదులు రాలేదు. అందుకని ఈసారి మొత్తం రాస్తున్నాను. మీకు చదవడం కష్టంగా ఉంటే నాకు రాయడమూ అట్లాగే ఉందని తెలుసుకోండి.

ఆ రోజు ఏం జరిగిందో మీకు తెలుసు. నా వైపు నుంచి ఎట్లా కనిపించిందో తెలియదు. ప్రేమికుల రోజుకు పూలు విమానం ఎక్కాలి. షెడ్డులో ఎర్రనల్లి పురుగు పడి ఆకులన్నీ బూడిద చల్లినట్టు అయ్యాయి. ఆఫీసువాళ్ళు మీ మీద అరిచారు, మీరు మా అన్న మీద అరిచారు, మా అన్న ఇంటికొచ్చి అన్నంలో ఉప్పు లేదని మా అమ్మ మీద అరిచాడు. మరుసటి రోజు ఎర్ర రిబ్బను డబ్బా దిగింది. మందు బయటికి పోకూడదని షెడ్డు పరదాలన్నీ దించారు. లోపల మా అన్న ఒక్కడు. బయట నిలబడి పైపు అందించిన ఆంజప్పకే కడుపులో తిప్పి వాంతి అయింది. మాస్కు ఏదంటే తెగిపోయిందన్నారు. అప్పుడు మీరు జేబులోంచి మీ కర్చీపు తీసి, తడిపి, మీ చేతులతో మా అన్న మూతికి కట్టారు. "ఊపిరి మెల్లగా తియ్యప్పా, బిరీన అయిపోతాది" అన్నారు. అది నేను మరిచిపోలేదు. మరిచిపోయి ఉంటే మిమ్మల్ని తిట్టడం తేలికయ్యేది.

మా అన్న బయటికి వచ్చినప్పుడు కంటిపాప ఆవగింజంత ఉంది. నోటివెంట సొంగ. మీరే ఎత్తుకున్నారు. వేరే బండి లేదు కాబట్టి పూల వ్యాను ఎక్కించారు. నేనూ ఎక్కాను. గులాబీలు వాడకూడదని లోపల చలిగాలి కొడుతూనే ఉంది. పూలపెట్టెల మధ్యలో మా అన్న చెమటతో తడిసి ముద్దయ్యాడు. నా పళ్ళు కటకటలాడుతుంటే నీకు చలి కదా అని అడిగాడు. హోసూరులో డాక్టరు ఏమైందని అడిగితే మీరు "ఎండదెబ్బ సార్" అన్నారు.

ఫిబ్రవరిలో, హోసూరులో, ఎండదెబ్బ. మేము స్వెట్టరు తొడుక్కుని పనికొచ్చే నెల. ఆ డాక్టరు మీ మొహం చూసి, నా మొహం చూసి, "మందు తాగినోని మాదిరి ఉండాడే" అన్నాడు. తాగలేదు, కొట్టాడు అని నేను చెప్పాను. ఏ మందు అని అడిగాడు. మీ వైపు తిరిగాను. మీరు లేరు. వ్యాను పోవాలి కదా, పూలు వాడిపోతాయి.

ఆ పూట డాక్టరు బతికించాడు. వారానికి ఇంటికి పంపించాడు. కానీ నెల తిరక్కముందే మా అన్న కాళ్ళు తడబడ్డాయి. తర్వాత చేతులు. నీళ్ళ చెంబు ఇస్తే ఒళ్ళో ఒలికేది. గొర్రెపిల్లను ఒక చేత్తో ఎత్తి భుజాన వేసుకునే మనిషి. బెంగళూరు తీసుకుపోయాం. అక్కడి పెద్ద డాక్టరు నరాలు పోతున్నాయన్నాడు. ఏ మందో తెలిస్తే ముందు ముందు ఏం రాబోతుందో తెలుస్తుంది, దానికి తగ్గట్టు చూడొచ్చు, తెలియకుంటే చీకట్లో తడుముకోవడమే అన్నాడు. తోట ఆఫీసుకు పోయి అడిగాను. "మేం వేపనూనె తప్ప ఇంగేమీ కొట్టమమ్మా, మాది చానా శుద్ధమైన తోట" అన్నారు. వేపనూనెకు కంటిపాప ఆవగింజ అవుతుందా అని అడిగితే బయటికి నడవమన్నారు. పోలీసు స్టేషనుకు పోతే, ఆఫీసువాళ్ళనే అడిగి రమ్మన్నారు.

మీరు అప్పటికే ఉద్యోగం మానేశారు. మిమ్మల్ని వెతుకుదామంటే మీ పేరు తెలియదు. నవ్వకండి. తోటలో ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరికీ తెలియదు. అందరికీ మీరు మందు సార్. ఆంజప్పను అడిగితే "మందు సార్ పేరు మందు సారే గదా" అన్నాడు. మీకు మా అందరి పేర్లూ తెలుసు. అది ఇప్పుడు తలుచుకుంటే ఎట్లాగో ఉంటుంది.

కంప్యూటరులో వెతికితే ఎవరైనా దొరుకుతారని మొగ్గలు కట్టలు కట్టే ఆడవాళ్ళలో ఎవరో అన్నారు. హోసూరు బస్టాండు ఎదురుగా శెట్టిగారి కిరాణా అంగడి ఉంది. దాని వెనక గదిలో వాళ్ళ కోడలు కస్తూరి బ్రౌజింగ్ సెంటరు పెట్టింది. కంప్యూటర్ల దాకా పోవాలంటే చింతపండు బుట్టలు దాటాలి. "ఏం పాపా, రిజల్టా, జాతకమా?" అని అడిగింది. ఒకాయన అడ్రసు కావాలన్నాను. పేరేమంటే తెలియదన్నాను. "పేరు తెలీకుండా యాడ తగులుకున్నావే తల్లీ వాణ్ణి" అని పగలబడి నవ్వింది. నేను లేచి రెండు మాటలు అనేశాను. చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. సంగతి విన్న తర్వాత నవ్వలేదు.

మొదట మందు సార్ హోసూరు అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాను. ఉత్తరాన ఎక్కడో మాండు అని పాడుబడ్డ కోట ఉందట. దాని ఫోటోలు వరసగా వచ్చాయి. "చూడు పాపా, మీ సారు కోట కట్టుకోని రాజు మాదిరి ఉండాడు" అన్నది కస్తూరి. తర్వాత తోట పేరు కొట్టాను. పూల ఫోటోలు వచ్చాయి, యజమాని ఫోటో వచ్చింది, నవ్వుతూ మొగ్గలు కోస్తున్న ఒక అమ్మాయి ఫోటో వచ్చింది. ఆ అమ్మాయి మా తోటలో ఎవరూ కాదు. అంత తెల్లటి చేతులు మాకెవరికీ లేవు. "పేరు లేకుండా దీంట్లో ఏమీ దొరకదు, ముందు పేరు పట్టుకోని రా" అని కస్తూరి పంపించేసింది.

పేరు ఎక్కడ దొరికిందో తెలుసా సార్? మునేశ్వరుడి గుడిలో.

తోట గేటు పక్కన ఉంటుందే, అదే గుడి. పూజారి ముత్తప్పను మా అమ్మ నాగక్క అడిగింది, మందు సార్ ఎప్పుడైనా అర్చన చేయించాడా, పేరు చెప్పాడా అని. ముత్తప్ప కాసేపు గడ్డం గోక్కుని, "అర్చన లేదు గానీ, పాప పుట్టిందని ట్యూబ్‌లైటు ఇచ్చినాడమ్మా" అన్నాడు. మేం తల పైకెత్తాం. పట్టీ నిండా పురుగులు, దుమ్ము. ముత్తప్ప స్టూలు ఎక్కి చీపురుతో తుడుస్తూ, "ఈ లైట్లు దేవునికి యాడ వెలుగుతాయి, ఇచ్చినోళ్ళ పేర్లకే వెలుగు సరిపోతాది" అని గొణుగుతున్నాడు. ఎర్ర రంగుతో, గొట్టం ఈ చివర నుంచి ఆ చివర దాకా, తమిళంలో రాసి ఉంది. ఉభయం, అంటే కానుక, ఎం. అనంతకుమార్, బి.ఎస్సీ. అగ్రి, కృష్ణగిరి. పేరు, చదువు, ఊరు. దేవుడికి మీరు అన్నీ చెప్పుకున్నారు. మా అమ్మ అక్కడే కూలబడి దండం పెట్టింది. మునేశ్వరుడికో, ట్యూబ్‌లైటుకో తెలియదు.

పేరు కొడితే లోకంలో ఉన్న అనంతకుమార్లంతా దిగారు. ఒకాయన సంగీతం నేర్పిస్తాడు. ఒకాయన పళ్ళ డాక్టరు. ఒకడు చిన్నపిల్లవాడు, క్విజ్జులో కప్పు గెలిచాడు. మౌసు నా మాట వినేది కాదు, ఎలుక మాదిరే బల్ల కిందికి ఉరికేది. ప్రతి ఆదివారం పోయేదాన్ని. మధ్యలో కొన్ని ఆదివారాలు పోలేకపోయాను, ఇంటికి చుట్టాలు వచ్చారు. మళ్ళీ పోయినప్పుడు కస్తూరి ఏమీ అడగకుండా కుర్చీ లాగింది. పేరు పక్కన కృష్ణగిరి అని కూడా కొట్టి చూడమన్నది.

మామిడి గుజ్జు డబ్బాల్లో పోసి ఎగుమతి చేసే కంపెనీ ఒకటి వచ్చింది. నాణ్యత చూసే అధికారి, ఎం. అనంతకుమార్. ఫోటో పైనుంచి కిందికి మెల్లగా దిగింది సార్. ముందు జుట్టు. తర్వాత నుదురు. కళ్ళద్దాలు. మీసం దాకా వచ్చేసరికి కరెంటు పోయింది. "మీ సారును చూసి కరెంటు కూడా బయపడినట్టుండాది" అన్నది కస్తూరి. చీకట్లో చింతపండు వాసనలో కూర్చున్నాం. నాకు మీసం అక్కర్లేదు, ఆ కళ్ళద్దాలు చాలు. కరెంటు వచ్చాక మళ్ళీ తెరిస్తే, ఫోటో కింద నీలం రంగులో మీ మెయిలు అడ్రసు ఉంది. లోకమంతా వెతికితే మీరు ఒక బస్సు దూరంలో ఉన్నారు.

నాకు తెలుగు కొట్టడం రాదు, ఆ కంప్యూటరుకూ రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాను. మొదటి మెయిలు చాలా పెద్దది. మర్యాదగా రాశాను. మా అన్న పడుకునే ఉన్నాడని, మీ బదులు కోసం చూస్తున్నాడని రాశాను. రెండోది అందులో సగం. ఆ తర్వాతిది రెండు వరుసలు. చివర్లో మందు పేరు అని కొట్టి ఒక ప్రశ్నగుర్తు పెట్టాను, అంతే. తప్పు అడ్రసు అయితే మెయిలు తిరిగి వస్తుందని కస్తూరి చెప్పింది. ప్రతి ఆదివారం తెరిచి చూశాను. బదులూ రాలేదు, మెయిలూ తిరిగి రాలేదు. "తిరిగి రాలేదంటే చేరినట్టే పాపా. చదివినాడు, ఊరుకున్నాడు" అన్నది. అందుకే చేరలేదని మాత్రం అనకండి.

జూలైలో నేనే వచ్చాను. సూళగిరి దాటి కృష్ణగిరి వచ్చే బస్సులో నిలబడే వచ్చాను. మీ కంపెనీ గేటు దగ్గర మామిడికాయల ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. తీపి వాసన, ఈగలు. వాచ్‌మన్‌తో గులాబీ తోట త్రివేణి వచ్చిందని చెప్పమన్నాను. ఫోన్లో మాట్లాడి, సారు మీటింగులో ఉండాడన్నాడు. ట్రాక్టరు నీడలో కూర్చున్నాను. ఎవరో డ్రైవరు ఒక పండు ఇచ్చాడు, తిన్నాను, ఆకలేసింది. సాయంత్రం తెల్ల కారు బయటికొచ్చింది. ట్రాక్టరు అడ్డం తీసేదాకా ఆగింది కదా, అప్పుడు నేను అద్దం పక్కన ఉన్నాను. మీరు నన్ను చూశారు. నేను చెయ్యి ఎత్తలేదు, తిట్టలేదు. మందు పేరు సార్ అన్నాను. మీరు అద్దం ఎక్కించుకున్నారు. "నిన్ను తెలీదంట, పోమ్మా" అన్నాడు వాచ్‌మన్ తర్వాత. అతనికి నా మీద జాలి కలిగింది. నాకు ఆ జాలి మీదే ఎక్కువ కోపం వచ్చింది.

తిరిగి వచ్చే బస్సులో మిమ్మల్ని తిట్టాల్సినవన్నీ వరసగా అనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఒక్కటీ గుర్తు లేదు. కాళ్ళు కడుక్కుని పడుకున్నాను.

మీరెందుకు చెప్పరో నాకు తెలియక కాదు. చెబితే మీరు తెలిసే కొట్టించారని అవుతుంది. ఎండదెబ్బ అన్నది అబద్ధమని అవుతుంది. మామిడి గుజ్జువాళ్ళు కూడా మిమ్మల్ని ఉంచుకోరు. మీరూ ఒకరి కింద పనిచేసేవారే. మా అమ్మ ఇదే అంటుంది. "ఆయప్ప సెడ్డోడు కాదు పాపా, బయపడినాడు, అంతే" అంటుంది. ఆమెకు మీ మీద కోపం లేదు. నాకు ఇద్దరి కోపమూ ఉంది. నేను కోర్టుకు పోను, పేపరువాళ్ళకు చెప్పను, మీ పేరు ఎక్కడా ఎత్తను. మునేశ్వరుడి మీద ఒట్టు, మీ ట్యూబ్‌లైటు కిందే నిలబడి వేస్తాను. ఒక పోస్టుకార్డు చాలు. మీ సంతకం వద్దు, ఊరు వద్దు. మందు పేరు ఒక్కటే రాసి కస్తూరి బ్రౌజింగ్ సెంటరు, బస్టాండు ఎదురు అని వేయండి. తెలియని పేరైతే దాన్ని కంప్యూటరులో నేనే వెతుక్కుంటాను. వెతకడం ఇప్పుడు వచ్చింది.

ఇంకొకటి. మీ కర్చీపు మా ఇంట్లో ఉంది. నీలం గళ్ళది. ఆసుపత్రిలో మా అన్న మెడ నుంచి విప్పి ఇచ్చారు. మా అమ్మ సబ్బు పెట్టి ఉతికి పెట్టెలో దాచింది. ఎవరి వస్తువు వాళ్ళకు చేర్చాలని ఆమెకు పట్టుదల. ఈ కవరులోనే పెట్టి పంపమని పొద్దుటి నుంచి నా వెంట పడింది.

మీ పాపకు ఇప్పుడు నడక వచ్చి ఉంటుంది. దీవెనలు చెప్పండి.

ఇట్లు,
మీ పేరు కోసం మునేశ్వరుడి దాకా పోయిన
త్రివేణి,
ధనశేఖర్ చెల్లెలు.

తా.క.: మడిచిన కాయితం మళ్ళీ విప్పాను. మెయిళ్ళలో మీకు అబద్ధం రాశాను సార్. మీ ఫోటో పైనుంచి కిందికి దిగిన రోజుకు మా అన్న లేడు. ఇంటికి చుట్టాలు వచ్చారన్నానే, అప్పుడే. ఊపిరి అందలేదు. చివరి రోజు కూడా నీకు చలి కదా అని నన్నే అడిగాడు. బతికున్నవాడి కోసమైతే ఎవరైనా ఒక ముక్క రాస్తారు, పోయినవాడి కోసం రాయరు అనుకున్నాను. అందుకని ప్రతి ఆదివారం వాణ్ణి బతికించి రాశాను. ఇక ఓపిక లేదు.

మరి ఇప్పుడు పేరెందుకని మీరు అడుగుతారు. దివసాలు అయ్యాక ఆఫీసువాళ్ళు మా అన్న పని నాకిచ్చారు. స్టోరు తాళం మందు కొట్టేవాళ్ళకే తీస్తారు, లోపల చూడొచ్చని ఒప్పుకున్నాను. నేను కాదంటే ఆంజప్పకు ఇస్తారు, అతనికి పసిపిల్లలు. చూశాను. ఎర్ర రిబ్బను డబ్బాలు అటక మీద అట్లాగే ఉన్నాయి. కొంచెం సీసాలో పోసుకుని ల్యాబుకు తీసుకుపోతే, పరీక్ష చేయాలంటే పోలీసు కాయితం తెమ్మన్నారు. కొత్త సారుకు కూడా ఏ డబ్బాలో ఏముందో తెలియదు. రిబ్బను రంగు చెప్పి కలపమంటాడు. నాలుగో షెడ్డులో మళ్ళీ నల్లి పడింది.

కర్చీపు కవరులో పెట్టలేదు. మా అమ్మకు పెట్టానని చెప్పాను. తోటకు మాస్కులు ఇంకా రాలేదు సార్, దాన్ని తడిపి ఇప్పుడు నేను కట్టుకుంటున్నాను.